మరిగే నీటిలో వైరస్‌లు: వేడి పని ఎంత, వంశం పని ఎంత?

పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు ఉంచితే పాశ్చరైజేషన్ పూర్తయినట్టే. తాగునీటిని మరగకాచి చల్లార్చుకుంటే రోగకారక వైరస్‌ల బెడద తప్పినట్టే. మనిషికి, పశువుకు, పైరుకు జబ్బు చేసే వైరస్‌లలో చాలావాటికి వేడే మృత్యువు. అయితే ఇటలీలో నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలి పట్టణంలో 85 నుంచి 93 డిగ్రీల వేడితో ఉడికే ఒక బుగ్గ ఉంది. దాని ఆమ్లత పీహెచ్ 1.5, అంటే మన జీర్ణాశయంలోని ఆమ్లంతో పోల్చదగినంత. ఆ నీటిలో వైరస్‌లు తరతరాలుగా వృద్ధి చెందుతూ వస్తున్నాయి. ఐస్‌లాండ్‌లో, అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో, జపాన్‌లో, రష్యాలోని కామ్చట్కాలో, చైనాలోని యునాన్‌లో కూడా ఇలాంటి వైరస్‌లు దొరికాయి.

ఈ వైరస్‌ల మీద నాలుగు దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. అంత వేడిని అవి ఎలా తట్టుకుంటున్నాయి? మరెక్కడా కనిపించని ఆకారాలు వాటికెందుకు? తాము ఆశ్రయించిన జీవాన్ని చంపుతున్నాయా, దానితో కలిసి మనుగడ సాగిస్తున్నాయా? అసలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ నాలుగు ప్రశ్నలకు దొరికిన జవాబులను ఒకచోట చేర్చి తూచడమే ఈ వ్యాసం పని. ఈ వైరస్‌ల వింతంతా వేడి వల్లే వచ్చిందని తొలిచూపులో అనిపిస్తుంది. ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం వేడి కన్నా బలమైన కారణం మరొకటి బయటపడుతుంది: ఆ వైరస్‌లు ఏ జీవవంశాన్ని ఆశ్రయించుకుని ఉన్నాయన్నది.

బుగ్గల్లో జీవం ఉందని తెలిసిన క్రమం

1960ల మధ్యలో టామ్ బ్రాక్ అనే అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎల్లోస్టోన్ బుగ్గలను పరిశీలించడం మొదలుపెట్టారు. అంత వేడిలో ఏ జీవీ పెరగదన్నది అప్పటి నమ్మకం. 1966లో బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అక్కడి మష్రూమ్ స్ప్రింగ్ నుంచి సేకరించిన బ్యాక్టీరియాకు 1969లో థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత 1972లో బ్రాక్ బృందమే సల్ఫోలోబస్ అనే మరో సూక్ష్మజీవిని వర్ణించింది. దానికి 75-80 డిగ్రీల వేడి, గంధకం, గాఢమైన ఆమ్లం ఉంటేనే ఇంపు.

సల్ఫోలోబస్ బ్యాక్టీరియా కాదని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోముల్లోని ఆర్ఎన్ఏ వరుసలను పోల్చి, కేంద్రకం లేని ఏకకణ జీవుల్లో రెండు వేర్వేరు వంశాలున్నాయని చూపారు. ఒకటి బ్యాక్టీరియా. రెండోది ఆర్కియా. సూక్ష్మదర్శినిలో ఈ రెండూ ఒకేలా కనిపించవచ్చు. కానీ జన్యువులను చదివే యంత్రాంగంలో ఆర్కియా బ్యాక్టీరియాకు దూరం, మొక్కలకూ జంతువులకూ మనకూ దగ్గర. ఈ పోలికను బలపరిచిన వారిలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ జీవరసాయన సంస్థకు చెందిన వోల్ఫ్రామ్ జిల్లిగ్ ముఖ్యులు. ఆర్కియాలో ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము నిర్మాణం మన కణాల్లోని దానిని పోలి ఉంటుందని ఆయన ప్రయోగశాల చూపింది.

ఒక కొత్త జీవవంశం బయటపడిందంటే దాని వైరస్‌లు ఎలా ఉంటాయన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్న పట్టుకుని జిల్లిగ్ బృందం బుగ్గలు వెతుక్కుంటూ ఐస్‌లాండ్ వెళ్లింది. అక్కడి థర్మోప్రోటియస్ అనే ఆర్కియాలో వైరస్‌లున్నాయని 1983లో ప్రకటించింది. 1984లో జపాన్‌లోని బెప్పు బుగ్గల నుంచి వచ్చిన ఒక సల్ఫోలోబస్ రకం మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే రెండు కొసలూ సన్నబడి మధ్యలో ఉబ్బిన కదురు ఆకారపు రేణువులు బయటికొచ్చాయి. ఇప్పుడు ఎస్ఎస్‌వీ-1 అని పిలుస్తున్న వైరస్ అదే. ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా పరిశోధించిన వైరస్‌లలో అదొకటి. జిల్లిగ్ దగ్గర పనిచేసిన జార్జియా శాస్త్రవేత్త డేవిడ్ ప్రాంగిష్విలి తర్వాత పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పనిని విస్తరించారు. అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మార్క్ యంగ్ బృందం ఎల్లోస్టోన్‌ను తన ప్రయోగక్షేత్రంగా చేసుకుంది.

ఎక్కడా చూడని ఆకారాలు

బ్యాక్టీరియా మీద దాడి చేసే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఎక్కువగా ఒకే నమూనా కనిపిస్తుంది: బహుముఖిగా ఉండే తల, దానికి ఒక తోక. నేలలో, నదిలో, పేగుల్లో, సముద్రంలో ఎక్కడ వెతికినా వీటిదే పైచేయి. వేడి బుగ్గల ఆర్కియా వైరస్‌లలో ఈ ఏకరూపత లేదు. కడ్డీలా నిటారుగా ఉన్నవి, దారంలా వంగేవి, కదురు ఆకారంలో ఉన్నవి, గుండ్రటివి, సీసా రూపంలో ఉన్నవి అన్నీ అక్కడ దొరికాయి.

పొజ్జువోలి నుంచే వచ్చిన ఒక వైరస్ అచ్చంగా సీసా ఆకారంలో ఉంటుంది. దాని వెడల్పాటి కొసన ఇరవై దాకా సన్నటి పోగులు వేలాడుతుంటాయి. జపాన్‌లోని యామగవా తీరపు బుగ్గ నుంచి 2012లో వర్ణించిన వైరస్ చుట్టలు చుట్టిన స్ప్రింగులా ఉంటుంది. దాని ఆతిథేయి, అంటే అది ఆశ్రయించే జీవి, 90 డిగ్రీల పైన హాయిగా పెరిగే ఏరోపైరమ్ అనే ఆర్కియా. ఆ వైరస్ జన్యుపదార్థం ఒంటిపోగు డీఎన్ఏ. దాని పొడవు 24,893 న్యూక్లియోటైడ్లు. ఒంటిపోగు డీఎన్ఏ వైరస్‌లలో అంత పెద్దది అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

వీటన్నిటిలోకీ ఆశ్చర్యం గొలిపేది 2005లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన రెండు తోకల వైరస్. అసిడియానస్ అనే ఆర్కియా నుంచి అది వెలువడేటప్పుడు నిమ్మకాయ ఆకారంలో ఉంటుంది, తోకలుండవు. బయటి నీటిలో, దాదాపు బుగ్గకున్నంత వేడిలో, దాని రెండు కొసల నుంచి పొడవాటి తోకలు పెరుగుతాయి. ఇందుకు ఆతిథేయ కణం అవసరం లేదు, బయటి నుంచి శక్తి సరఫరా అక్కర్లేదు. నీరు చల్లగా ఉంటే మాత్రం తోకలు రావు. కణం బయట వైరస్ నిర్జీవమైన పొట్లమని, మార్పేదైనా కణం లోపలే జరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఈ ఒక్క వైరస్ ఆ మాటను సవరించుకోమని అడుగుతోంది.

జన్యువుల సంగతీ అంతే. ఈ వైరస్‌ల జన్యువుల్లో అధికభాగానికి ఇతర జీవుల్లో, ఇతర వైరస్‌లలో పోలిక దొరకడం లేదు. కొత్త వైరస్ దొరికిన ప్రతిసారీ దాదాపుగా కొత్త కుటుంబాన్నే ఏర్పాటు చేయాల్సి వస్తోంది.

వేడిని తట్టుకునే ఉపాయాలు

వేడి, ఆమ్లం రెండూ కలిస్తే డీఎన్ఏ తెగిపోతుంది, ప్రొటీన్లు ముడి విప్పుకుని పనికి రాకుండా పోతాయి, కొవ్వు పొరలు కారిపోతాయి. సల్ఫోలోబస్ కణం తన లోపలి ఆమ్లతను పీహెచ్ 6.5 దగ్గర, అంటే దాదాపు తటస్థంగా, కాపాడుకోగలదు. వేడిని మాత్రం ఆపలేదు. బయట 80 డిగ్రీలుంటే లోపలా అంతే. కణం లోపల ఉన్నంతసేపూ వైరస్ ఎదుర్కొనేది వేడిని మాత్రమే. బయటికొచ్చిన క్షణం నుంచి వేడితో పాటు ఆమ్లాన్నీ భరించాలి.

అది ఎలా భరిస్తోందో 2015లో స్పష్టమైంది. ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఎస్ఐఆర్‌వీ-2 అనే కడ్డీ వైరస్ నిర్మాణాన్ని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఈగల్‌మన్, ప్రాంగిష్విలి బృందాలు దాదాపు పరమాణువుల స్థాయిలో చూశాయి. మన కణాల్లోని డీఎన్ఏ ‘బి’ అనే రూపంలో మెలితిరిగి ఉంటుంది. ఈ వైరస్‌లో అది ‘ఎ’ రూపంలో ఉంది: పొట్టిగా, లావుగా, నీటి అణువులకు దూరంగా. ప్రొటీన్ దాని చుట్టూ ఎక్కడా ఖాళీ లేకుండా అల్లుకుపోయింది. కొన్ని బ్యాక్టీరియాలు ఎండిపోయి సిద్ధబీజాలుగా మారినప్పుడు కూడా డీఎన్ఏను ఇలాంటి రూపంలోనే దాస్తాయి. ఎండుదనాన్ని తట్టుకునే సిద్ధబీజానికీ, మరిగే ఆమ్లాన్ని తట్టుకునే వైరస్‌కూ ప్రకృతి ఒకే ఉపాయాన్ని అందించిందన్నమాట. 2017లో మరో దారపు వైరస్ మీద జరిగిన పరిశోధన ఇంకో విశేషం చెప్పింది. దాని పై పొరలోని కొవ్వు అణువులు గుర్రపు నాడా ఆకారంలో వంగి, మామూలు కణపొరలో సగం మందమే ఉన్న గట్టి పొరగా కుదురుకున్నాయి.

ఇక థర్మస్ బ్యాక్టీరియాను ఆశ్రయించే ఫేజ్‌లది మరో దారి. కామ్చట్కా నుంచి వచ్చిన పి74-26 అనే ఫేజ్‌కు తోక ఒక్కటే 800 నానోమీటర్లు దాటుతుంది. ఫేజ్‌లలోకెల్లా అతి పొడవైన తోకల్లో అదొకటి. దాని తలను కప్పే ప్రొటీన్లు ఒకదాని ఉచ్చులో మరొకటి చిక్కుకుని ఉంటాయి. ఒకటి వదులైనా పక్కవి పట్టి ఉంచుతాయి.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, వేడిని తట్టుకోవడానికి ఒకే మంత్రం లేదు. ఒక వైరస్ డీఎన్ఏ రూపం మార్చింది, ఒకటి పొరను పలచన చేసి బిగించింది, ఒకటి ప్రొటీన్లను గొలుసు కట్టింది. ఏ వంశపు వైరస్ అయినా తన దగ్గరున్న సామగ్రితోనే ఉపాయం చేసుకుంది.

చంపడమా, కలిసి ఉండడమా?

వైరస్ కణంలోకి దూరుతుంది, లెక్కలేనన్ని ప్రతులు చేసుకుంటుంది, కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది అన్నది మనం బడిలో చదువుకున్న కథ. బుగ్గల ఆర్కియా వైరస్‌లలో ఎక్కువ భాగం ఇలా చేయవు. ఎస్ఎస్‌వీ-1 తన డీఎన్ఏను సల్ఫోలోబస్ క్రోమోజోములో కలిపేసి, కణంతో పాటే తరాలు దాటుతుంది. అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు పెద్దఎత్తున బయటికొచ్చినా కణం పగలదు. కణపొర నుంచి మొగ్గ తొడిగినట్టు ఒక్కొక్కటిగా విడివడుతుందని 2016లో చూపారు. మన శరీరంలోని కొన్ని వైరస్‌లు కణం నుంచి బయటపడే తీరు కూడా ఇదే.

ఎందుకీ సంయమనం? బయటి ప్రపంచం అంత కఠినంగా ఉన్నచోట, కణాలు నీటిలో పలచగా ఉన్నచోట, ఆశ్రయమిచ్చిన కణాన్ని చంపుకుంటే తర్వాతి కణం దొరికేలోపు వైరస్ నాశనమయ్యే ప్రమాదం ఎక్కువ. వేడి బుగ్గల్లో మిల్లీలీటరు నీటికి వైరస్ రేణువులు లక్ష నుంచి పది లక్షల వరకు ఉంటాయని లెక్కలు చెబుతున్నాయి. సముద్రపు నీటిలో అవి కోటి దాకా ఉంటాయి. అందుకే ఆతిథేయి క్షేమంలోనే వైరస్ క్షేమం కూడా ఉందన్న వాదనకు ఇక్కడ బలం ఉంది. 2018లో మోంటానా బృందం ఎల్లోస్టోన్ బుగ్గల్లోని కణాలను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించింది. అరవై శాతానికి పైగా కణాల్లో కనీసం ఒక వైరస్ ఉంది, వాటిలో ఎక్కువ కణాల్లో రెండు లేదా అంతకు మించి రకాలున్నాయి. ఇన్ని కణాలు వైరస్‌ను మోస్తూ కూడా జనాభా నిలబడుతోందంటే, అక్కడ వైరస్‌ను మోయడం రోగం కింద లెక్క కాదు. అది మామూలు బతుకు.

అయితే ఈ బొమ్మను మరీ మెత్తగా గీయకూడదు. కడ్డీ వైరస్ ఎస్ఐఆర్‌వీ-2, ఎల్లోస్టోన్ నుంచి వచ్చిన బురుజుల వైరస్ ఎస్‌టీఐవీ రెండూ కణాన్ని చంపేవే. చంపే తీరు మాత్రం అపూర్వం. వైరస్ తయారుచేసే ఒకే ఒక చిన్న ప్రొటీన్ కణపొర మీద ఏడు పలకల పిరమిడ్లను నిర్మిస్తుంది. సమయం వచ్చినప్పుడు ఆ పలకలు పూరేకుల్లా విచ్చుకుంటాయి, ఆ ద్వారాల గుండా వైరస్‌లు బయటపడతాయి. 2009లో రెండు బృందాలు విడివిడిగా ఈ పిరమిడ్ల సంగతి వెల్లడించాయి. ఆ ప్రొటీన్‌ను ఇ. కోలై బ్యాక్టీరియాలో తయారుచేయిస్తే అక్కడా పిరమిడ్లు లేచాయి. ఏడు పలకల సౌష్ఠవం జీవప్రపంచంలో చాలా అరుదు.

ఆర్కియా కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్రిస్పర్ అనే రోగనిరోధక ఏర్పాటు వీటిలో దాదాపు అన్నిటా ఉంటుంది. గతంలో దాడి చేసిన వైరస్ డీఎన్ఏ నుంచి చిన్న ముక్కలు కత్తిరించి కణం తన జన్యువుల్లోనే భద్రపరుస్తుంది. ఆ వైరస్ మళ్లీ వస్తే ఆ ముక్క ఆధారంగా గుర్తుపట్టి ముక్కలు చేస్తుంది. ఒక్కో సల్ఫోలోబస్ కణంలో ఇలాంటి ముక్కలు వందల్లో ఉండవచ్చు. ఈ ముక్కలు వైరస్‌ల నుంచి వచ్చినవని 2005 ప్రాంతంలో తేలినప్పుడు, సరిపోలిన వాటిలో సల్ఫోలోబస్ వైరస్‌లవీ ఉన్నాయి. వైరస్‌లు దీనికి విరుగుడు కనిపెట్టాయి. క్రిస్పర్‌ను నిలిపివేసే ప్రొటీన్ ఆర్కియా వైరస్‌లలో ఉందని కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ బృందం 2018లో చూపింది. వైరస్ చొరబడిందని కణంలో మోగే రసాయన సంకేతాన్నే చెరిపేసే వైరస్ ఎంజైమును స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ బృందం 2020లో వివరించింది.

మరో పరిశీలన ఈ సంబంధంలోని సున్నితత్వాన్ని తెలుపుతుంది. అమెరికాలో రేచెల్ విటకర్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగంలో, సల్ఫోలోబస్ కణాలు వైరస్ తారసపడగానే పెరుగుదల ఆపేసి నిద్రాణస్థితిలోకి వెళ్లాయి. తగిన సమయంలో వైరస్ తొలగిపోతే తిరిగి లేచాయి. వైరస్‌లు చాలా తక్కువగా ఉన్నా ఇది జరిగింది. చంపడం, కలిసి ఉండడం అనే రెండు పెట్టెల్లో ఇమడని స్థితులు ఈ మధ్యలో ఎన్నో ఉన్నాయి.

వేడా, వంశమా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ వింత ఆకారాలకు వేడి కారణమైతే, అదే వేడిలో ఉండే ఇతర వైరస్‌లూ వింతగానే ఉండాలి. అలా లేవు. థర్మస్ ఫేజ్‌లు 70 డిగ్రీల నీటిలో ఉంటాయి. 1975లో జపాన్ శాస్త్రవేత్తలు వర్ణించిన వైఎస్-40 మొదలు కామ్చట్కా ఫేజ్‌ల వరకు వాటిలో ఎక్కువ భాగం తల, తోక ఉన్న మామూలు నమూనావే. బుగ్గ ఒకటే, వేడి ఒకటే. ఆతిథేయి బ్యాక్టీరియా అయితే ఫేజ్ కూడా బ్యాక్టీరియా లోకపు ఫేజ్‌లాగే ఉంది.

రెండో వైపు నుంచి చూసినా అదే మాట. కదురు ఆకారపు వైరస్‌లు వేడి లేనిచోట కూడా దొరికాయి. ఆస్ట్రేలియా ఉప్పుమడుల్లోని ఆర్కియాలో ఒకటుంది. సముద్రంలో అమ్మోనియాను ఆక్సీకరించి బతికే నైట్రోసోప్యూమిలస్ అనే ఆర్కియాలో మరొకటి 2019లో బయటపడింది. ఈ చోట్లలో పోలికగా నిలిచింది ఆర్కియా వంశం ఒక్కటే. బ్యాక్టీరియాలోగానీ, మొక్కలు జంతువుల్లోగానీ కదురు వైరస్ ఇంతవరకు దొరకలేదు. మరో వైపు, ఉప్పునీటి ఆర్కియాలో, మీథేన్ తయారుచేసే ఆర్కియాలో తల-తోక వైరస్‌లూ ఉన్నాయి. సల్ఫోలోబస్ ఉన్న శాఖలో మాత్రం అవి కనిపించలేదు. కాబట్టి ఆర్కియాలోనూ శాఖను బట్టే తేడా.

ఈ ఆధారాలను బట్టి నాకు సబబనిపించిన తీర్పు ఇది: ఏ ఆకారం ఉండాలన్నది ఆతిథేయి వంశచరిత్ర నిర్ణయించింది, ఆ ఆకారం ఎంత దృఢంగా ఉండాలన్నది వేడి నిర్ణయించింది. డీఎన్ఏ ‘ఎ’ రూపం, పలచటి పొర, గొలుసు కట్టిన ప్రొటీన్లు వేడికిచ్చిన జవాబులు. కదురు, సీసా, స్ప్రింగు రూపాలు ఆర్కియా వంశానికి చెందిన ఆస్తి. ఒక్క అభ్యంతరాన్ని గౌరవించాలి. ఆకారాలను మనం చూసింది ప్రయోగశాలలో పెంచగలిగిన కొద్ది ఆతిథేయుల నుంచే. కొత్త ఆతిథేయి వచ్చినప్పుడల్లా ఈ లెక్కను సరిచూసుకోవాలి.

ఎక్కడి నుంచి వచ్చాయి, ఎలా తిరుగుతున్నాయి?

వంశమే ముఖ్యమైతే ఆ వంశం ఎంత పాతది? దీనికి జవాబు ఎస్‌టీఐవీలో ఉంది. ఎల్లోస్టోన్‌లోని రాబిట్ క్రీక్ ప్రాంతంలో దొరికిన ఈ వైరస్ నిర్మాణం 2004లో వెలువడింది. దాని పైతొడుగులోని ముఖ్య ప్రొటీన్ ముడుచుకున్న తీరు, బ్యాక్టీరియాకు సోకే పీఆర్‌డీ-1 వైరస్‌లోనూ, మనుషులకు జలుబు తెచ్చే అడినోవైరస్‌లోనూ ఉన్న తీరు ఒకే కోవకు చెందినవి. జన్యు వరుసల్లో ఏ పోలికా మిగల్లేదు, మడత మాత్రం మిగిలింది. బ్యాక్టీరియా, ఆర్కియా, మనమూ జంతువులూ మొక్కలూ ఉన్న వంశం అనే మూడు జీవ సామ్రాజ్యాల్లోనూ ఒకే మడత కనబడుతోందంటే, ఆ మూడూ విడిపోకముందే ఆ వైరస్ వంశం ఉండి ఉండాలన్నది బలమైన అనుమానం. భూమి మీద సకల జీవులకూ ఉమ్మడి పూర్వీకుడైన కణానికి కూడా వైరస్‌ల బాధ ఉండేదని 2020లో క్రుపోవిచ్, డోల్జా, కూనిన్ అనే శాస్త్రవేత్తలు వాదించారు. అయితే సీసా, స్ప్రింగు రూపాలకు ఇలాంటి విశాల బంధుత్వం లేదు. అవి ఆర్కియాలోనే తర్వాత పుట్టినవని అనుకోవడం సమంజసం. పాతవీ కొత్తవీ ఒకే బుగ్గలో ఉన్నాయి.

ఆర్ఎన్ఏ వైరస్‌ల కథ ఇంకా కదులుతూనే ఉంది. ఆర్ఎన్ఏ వేడికి డీఎన్ఏ కన్నా త్వరగా తెగిపోతుంది కనుక బుగ్గల్లో అలాంటివి ఉండవనుకున్నారు. 2012లో ఎల్లోస్టోన్ నీటిలో వాటి జాడ కనిపించినప్పుడు ఆతిథేయి ఆర్కియా కావచ్చన్నారు. 2024లో జపాన్ శాస్త్రవేత్తలు తమ దేశపు ఆమ్ల బుగ్గల్లో పూర్తిగా కొత్త ఆర్ఎన్ఏ వైరస్‌లను వెల్లడించి, వాటికి ఆశ్రయం వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా అని సూచించారు. కాలిఫోర్నియాలోని లాసెన్ అగ్నిపర్వత పార్కులో ఉన్న బాయిలింగ్ స్ప్రింగ్స్ సరస్సులో 2012లో దొరికిన వైరస్ మరో రకంగా కదిలించింది. దాని జన్యువులు డీఎన్ఏలో ఉన్నా, తొడుగు ప్రొటీన్ జన్యువు మాత్రం ఆర్ఎన్ఏ వైరస్‌ల కుటుంబం నుంచి వచ్చింది. ఈ రెండు వర్గాలకూ మధ్య ఉందనుకున్న గోడ అంత గట్టిది కాదన్నమాట.

వేడి బుగ్గలు ఒకదానికొకటి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్నచిన్న నీటిమడుగులు. మధ్యలో చల్లటి నేల, సముద్రం. ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. సల్ఫోలోబస్ కణాలు ఆ దూరాన్ని సులువుగా దాటలేవని, ఒక్కో ప్రాంతానిది ఒక్కో జనాభా అని విటకర్ 2003లో చూపారు. ఆ కణాల్లోని క్రిస్పర్ ముక్కలు స్థానిక వైరస్‌లతోనే ఎక్కువగా సరిపోలుతున్నాయని 2009లో తేలింది. మోంటానా బృందం 2007లో ఇందుకు భిన్నమైన ఫలితం ఇచ్చింది. రెండేళ్ల పాటు రెండు వైరస్‌లను గమనించి, ఒక బుగ్గలోని వైవిధ్యాన్ని అక్కడి జన్యుమార్పుల కన్నా బయటి నుంచి వచ్చి చేరే వైరస్‌లే నిలబెడుతున్నాయని చెప్పింది. బుగ్గల మీది గాలిలోనూ వైరస్ రేణువులు దొరికాయి. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్ని మరొకటి కొట్టేయవు. ఒకే పార్కులోని బుగ్గల మధ్య గాలి, ఆవిరి రాకపోకలు కల్పించవచ్చు. ఖండాల మధ్య దూరం ఆ రాకపోకలను తగ్గించవచ్చు. కొలిచిన దూరమే వేరైనప్పుడు జవాబూ వేరవుతుంది.

గడ్డి, బూజు, వైరస్

వేడినేలలో వైరస్ మేలు కూడా చేయగలదని 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నిరూపించింది. ఎల్లోస్టోన్‌లో వేడెక్కిన నేలల మీద ఒక రకం గడ్డి పెరుగుతుంది. దాని కణజాలంలో ఒక బూజు ఉంటుంది. ఆ బూజులో ఒక వైరస్ ఉంటుంది. మూడూ కలిసి ఉన్నప్పుడు గడ్డి 65 డిగ్రీల నేల వేడిని తట్టుకుంది. గడ్డిని, బూజును విడదీసినప్పుడు ఏదీ 38 డిగ్రీలు దాటి నిలవలేకపోయింది. బూజు ఉంచి వైరస్‌ను మాత్రమే తొలగించినా ఆ శక్తి పోయింది. వైరస్‌ను తిరిగి చేర్చితే తిరిగి వచ్చింది. మెరిలిన్ రూసింక్ సహా ఈ పనిచేసిన శాస్త్రవేత్తలు అదే బూజును టమాటా మొక్కల్లో పెంచినప్పుడు వాటికీ వేడిని ఓర్చుకునే శక్తి పెరిగింది. ఎండలు ఏటేటా ముదురుతున్న కాలంలో సేద్యం మీద ఆధారపడిన ఏ ప్రాంతానికైనా ఈ దారి విలువైనది.

ప్రయోగశాలకు దక్కిన మేలు

థర్మస్ అక్వాటికస్ నుంచి తీసిన టాక్ పాలిమరేజ్ అనే ఎంజైము లేకపోతే, డీఎన్ఏ ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతి ఇంత సులభంగా ప్రపంచమంతా వ్యాపించేది కాదు. పీసీఆర్‌కు 1993లో కేరీ మల్లిస్ నోబెల్ బహుమతి అందుకున్నారు. అది బ్యాక్టీరియా వరం. వైరస్‌లు కూడా అదే దారిలో ఉన్నాయి. దాదాపు మరిగే స్థితిలో ఉన్న ఒక గుండం నుంచి వైరస్‌ల డీఎన్ఏను గుంపుగా సేకరించి వెతికినప్పుడు ఒక పాలిమరేజ్ దొరికింది. డీఎన్ఏను ప్రతులు తీయడమే కాక, ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే పనినీ అదే చేయగలదు. 2020లో ఇంటింటా వినబడిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో మామూలుగా ఈ రెండు పనులకు రెండు ఎంజైములు వాడతారు.

ఈ వైరస్‌ల వల్ల మనిషికి ముప్పుందా అన్న సందేహానికి ఊరటనిచ్చే జవాబుంది. ఆర్కియా వైరస్‌లలో మనుషులకు సోకేదేదీ తెలియదు. వాటి ఆతిథేయులు మన శరీరపు వేడిలో పెరగవు. బుగ్గల దగ్గర నిజమైన ప్రమాదం మరిగే నీరు, విషవాయువులు.

మన దేశపు బుగ్గలు

హిమాచల్ ప్రదేశ్‌లోని పార్వతి లోయలో మణికరణ్ యాత్రికులకు పుణ్యక్షేత్రం, శాస్త్రవేత్తలకు ప్రయోగక్షేత్రం. ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు భాగస్వాములైన బృందం అక్కడి నీరు, మట్టి, సూక్ష్మజీవుల పొరల నుంచి జన్యు వరుసలు చదివి, బ్యాక్టీరియాకూ ఆర్కియాకూ చెందిన వైరస్‌లు తమ ఆతిథేయుల జన్యువులను ఎలా మలుస్తున్నాయో 2018లో వివరించింది. మన బుగ్గల్లో చాలావాటి నీరు తటస్థంగానో కొద్దిపాటి క్షారంగానో ఉంటుంది. పొజ్జువోలి, ఎల్లోస్టోన్ ఆమ్ల గుండాలతో పోలిస్తే ఇది భిన్నమైన లోకం. వేడి ఒకటే ఉంచి ఆమ్లాన్ని తీసేస్తే వైరస్‌లు ఎలా మారతాయన్న ప్రశ్నకు ఈ నీరు తగిన పరీక్ష.

తెలంగాణలో గోదావరి లోయలోనూ నేల కింద వేడినీరుంది. మణుగూరు దగ్గరి పగిడేరులో ఆ నీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని సింగరేణి సంస్థ నెలకొల్పింది. లద్దాఖ్‌లోని పూగా లోయలో భూతాప విద్యుత్ కోసం బావులు తవ్వే పనిని ఓఎన్‌జీసీ చేపట్టింది. కాలుష్యం లేని విద్యుత్ అవసరమే. తవ్వకం మొదలైతే మాత్రం నీటి దారి, వేడి, లవణాలు మారిపోయే అవకాశముంది, వాటితో పాటు అందులోని జీవలోకమూ.

ఇకపై జరగాల్సింది

నాలుగు దశాబ్దాల పని ముగింపుగా గట్టిగా చెప్పగలిగిన మాటలు కొన్ని ఉన్నాయి. వైరస్‌ల ఆకారాల పట్టిక మనం జబ్బుల ఆధారంగా రాసుకున్నది కనుక అసంపూర్ణంగా మిగిలింది. వైరస్, ఆతిథేయి సంబంధంలో హత్య ఒక రకం మాత్రమే. వైరస్‌ల మూలాలు తొలి కణాల కాలం దాకా వెళ్లవచ్చు. ఈ మూడింటినీ వైరస్ అంటే ఏమిటో చెప్పే ప్రతి పాఠ్యపుస్తకంలో చేర్చాలి.

వెలితి ఎక్కడుందో కూడా స్పష్టం. జన్యు వరుసలు కుప్పలుగా వస్తున్నాయి. వాటి వెనకున్న వైరస్‌ను పెంచి, కళ్లారా చూసి, ఏ జన్యువు ఏం చేస్తోందో తేల్చే పని చాలా వెనకబడి ఉంది. రెండు తోకల వైరస్ సంగతి ఏ కంప్యూటరూ చెప్పలేదు. ఆ వైరస్‌ను పెంచి, వేడి నీటిలో ఉంచి, ఓపికగా గమనించిన వాళ్లు చెప్పారు. అలాంటి ఓపికకు డబ్బు, చోటు, గౌరవం ఇవ్వాలి.

మన వరకు చేయాల్సింది తేలికైనదే. బుగ్గల దగ్గర విద్యుత్ కోసమో పర్యాటకం కోసమో తవ్వకం ప్రారంభించే ముందు అక్కడి నీటిని, మట్టిని సేకరించి, జన్యు వరుసలు చదివి, నమూనాలను జాతీయ భాండాగారాల్లో భద్రపరచాలని అనుమతి పత్రంలోనే ఒక నిబంధన ఉండాలి. జీవవైవిధ్య చట్టం 2002 నుంచి మనకుంది. సూక్ష్మజీవులు, వాటిని ఆశ్రయించిన వైరస్‌లు కూడా ఆ వైవిధ్యంలో భాగమేనని గుర్తించి, విశ్వవిద్యాలయాలకు ఈ పని అప్పగిస్తే, తర్వాతి కొత్త కుటుంబపు వైరస్ మన బుగ్గల నుంచి కూడా రావచ్చు.